ఇంజనుకు నీళ్ళు కాచిన మా అత్త

నల్లగొండలో నేనుంటున్న వీధిలో ఒక వకీలు ఈ మధ్య కారు కొన్నాడు. చలి మొదలైనప్పటి నుంచి పొద్దున్నే దాన్ని స్టార్టు చేసి, కదిలించకుండా, నా కిటికీ ముందే నిలబెడుతున్నాడు. పొగంతా మా ఇంట్లోకి వస్తుంది. ఒకసారి అతని గుమాస్తాతో చెప్పి పంపాను. ఇంకోసారి నేనే వెళ్ళి చెప్పాను. "ఇంజను వేడెక్కాలి కదండీ" అని నవ్వాడు. ఆ జవాబుకు నాకు కోపం రాలేదు. నవ్వినందుకు వచ్చింది. నాలాగా బట్టల దుకాణంలో పనిచేసుకునేవాడు కార్ల సంగతి మాట్లాడటమేమిటని ఆ నవ్వుకు అర్థం. దాన్ని నేను మరచిపోను.

ఇవాళ మళ్ళీ చెప్పడానికి బయటికి వెళ్ళాను. వకీలు కారు ముందు నిలబడి, బానెట్టు మీద అరచెయ్యి ఆనించి, తల కొంచెం పక్కకు వంచి ఇంజను చప్పుడు వింటున్నాడు. జ్వరమొచ్చిన పిల్ల నుదురు పట్టి చూస్తున్నట్టుంది. నేను గుమ్మం దగ్గరే ఆగి, ఏమీ అనకుండా లోపలికి వచ్చేశాను. ఏమన్నాడని మా అమ్మాయి అడిగింది. నేనే ఏమీ అనలేదని చెప్పాను. నమ్మలేనట్టు చూసింది.

ఇంజను మీద అలా చెయ్యి పెట్టే మనిషిని నా జన్మలో ఇంకొక్కరినే చూశాను. ఆమె మా అత్త, నా భార్య తల్లి. పోయి కొన్నేళ్ళయింది. ఆమె గురించి నేను మంచి మాటలు రాస్తానని మా వాళ్ళెవరూ అనుకోరు. నాకూ ఆ ఉద్దేశం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మాది తిరుమలగిరి అవతల సాలెవాళ్ళ ఊరు. భువనగిరి నుంచి ఒక బస్సు పొద్దుగూకే వేళకు మా ఊరు చేరి, అక్కడే పడుకుని, తెల్లవారగానే మళ్ళీ భువనగిరి వెళ్ళేది. దానికి ఊళ్ళో వేరే జాగా లేదు. మా అత్త ఇల్లు సాలెవాడలో చివరిది. దాని ముందున్న బయలులోనే మేమంతా మగ్గానికెక్కించే నూలు పడుగులు చాచి, గంజి పెట్టి, కుంచెలతో దువ్వుకునేవాళ్ళం. మా పని పొద్దెక్కేసరికి అయిపోయేది గనుక సాయంత్రం ఆ బయలు ఖాళీ. బస్సు వచ్చి మా అత్త గడపకు ఎదురుగా మూతి పెట్టి నిలబడేది.

ఆ బస్సు ముసలిది. దాని ముక్కులో నీళ్ళ తొట్టి ఒకటుంటుంది. డ్రైవరు దాన్ని రేడియేటరు అనేవాడు. అది కారి కారి తెల్లారేసరికి ఖాళీ అయ్యేది. ఎండాకాలం బావినీళ్ళు పోస్తే సరిపోయేది. చలికాలం మాత్రం చన్నీళ్ళు పోస్తే ఇంజను కదిలేది కాదు. లోపల ఆయిలు గడ్డకట్టినట్టు అయ్యేది. ముందు నుంచి హ్యాండిలు పెట్టి తిప్పేవాడి భుజం పడిపోయేది. మొదటి చలికాలంలో ఒక పొద్దున డ్రైవరు ఖాళీ బొక్కెనతో మా అత్త వాకిట్లో నిలబడి వేన్నీళ్ళున్నాయా అని అడిగాడు. ఆమె అప్పటికే లేచి పడుగుకు గంజి కాస్తోంది. పక్క పొయ్యి మీదున్న స్నానం నీళ్ళు ఇచ్చింది. ఇంజను ఒక్క తిప్పుకు అందుకుంది. మరునాడు అతను అడగకముందే ఆమె నీళ్ళు కాచి పెట్టింది. అంతే, అది ఆమె పని అయిపోయింది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ ఏమీ ఇవ్వలేదు.

డ్రైవరు భువనగిరి సాయెబు. నెమ్మదైనవాడు. రాత్రిపూట ఇంజను మీద తన గొంగడి కప్పి, తాను బస్సులో దుప్పటి కప్పుకుని పడుకునేవాడు. పొద్దున మా అత్త వచ్చి ఆ గొంగడి తీసి, మంచు దులిపి, మడతపెట్టి ముందు సీటు మీద పెట్టేది. కాగులో నీళ్ళు బొక్కెనతో తెచ్చి, కొంగును చేతికి చుట్టుకుని మూత తిప్పి, ఒలకకుండా పోసేది. తర్వాత బానెట్టు మీద అరచెయ్యి పెట్టి నిలబడేది. డ్రైవరు హ్యాండిలు తిప్పేవాడు. ఇంజను దగ్గి, ఊపిరాడనట్టు కొట్టుకుని, మెల్లగా ఒక దారికి వచ్చేది. అయినా ఆమె చెయ్యి తీసేది కాదు. లోపల కూర్చున్నవాళ్ళు కేకలు వేసేవారు. భువనగిరిలో రైలు దొరకదని, అంగడి అయిపోతుందని. డ్రైవరు వాళ్ళ వైపు చూసేవాడు కాదు, ఆమె చెయ్యి వైపు చూసేవాడు. ఆమె చెయ్యి తీస్తేనే బస్సు కదిలేది.

ఊళ్ళో ఒక కోమటాయన ఉండేవాడు. అంగడి రోజున ముందు సీటులో అతనే. అతనొకసారి తల బయటికి పెట్టి, "ఏందవ్వా, బస్సుకు బాలింత తానమా?" అన్నాడు.

"బాలింతనే మరి," అంది మా అత్త. "రోజూ పొద్దుగాల గింతమందిని కడుపుల వెట్టుకొని పోయి భోనగిరిల కంటలేదా? నిన్ను గూడ గదే కంటది. జర ఆగు."

బస్సంతా నవ్వింది. కోమటాయన కూడా నవ్వాడు. నేను నవ్వలేదు. ఆ బస్సులో నేనూ ఉన్నాను, నన్ను కూడా కలిపే అంది కదా.

ఆమెకూ నాకూ మాటలు లేవు. కొట్లాడి కాదు. మాలో అత్త అల్లుడి ముందు మాట్లాడదు. ఎదురుపడితే కొంగు ముఖం మీదికి లాక్కుని పక్కకు తిరుగుతుంది. చెప్పవలసిందేమైనా ఉంటే బిడ్డతో చెప్పిస్తుంది. బిడ్డ దగ్గర లేకపోతే గోడకో కుండకో చెబుతుంది, అల్లుడు వినాలి. అందరు అత్తలూ అంతే. కానీ మా అత్త గోడకు చెప్పేది కాదు, బస్సుకు చెప్పేది. "ఏమే, సందేళకు చేపలకూర ఉన్నది, తినెటోళ్ళు వస్తె రమ్మను" అని బానెట్టు మీద చెయ్యి పెట్టుకుని అనేది. పదిమంది ప్రయాణికులు నా ముఖం చూసేవారు. నా భోజనం సంగతి ఊరి బస్సు ద్వారా నాకు తెలియాలా? ఆ చేపలకూరకు నేను వెళ్ళలేదు. వెళ్ళలేదని బాధపడ్డట్టు కూడా ఆమె కనిపించలేదు.

పెళ్ళైన కొత్తలో ఒక పని చేసింది. అప్పటి నుంచే నాకు ఆమెతో పేచీ. చలికాలంలో మొదటిసారి అత్తగారింట్లో పడుకున్నాను. కొత్త అల్లుడిని. పొద్దున లేచి, నూనె రాసుకుని, పెరట్లో బండ మీద కూర్చున్నాను. కాగు నిండా నీళ్ళు పొగలు కక్కుతున్నాయి. ఆమె వచ్చి, నా వైపు చూడకుండా, ఆ నీళ్ళన్నీ బొక్కెనల్లో ముంచుకుని బస్సుకు తీసుకుపోయింది. ఆ రోజు బస్సు మొండికేసిందట. ఒకసారి పోసిన నీళ్ళు చాలలేదట. నేను నూనె ఒంటితో వణుకుతూ కూర్చున్నాను. చివరికి బావినీళ్ళతో స్నానం చేశాను. ఆమె వాకిట్లో నుంచి పొయ్యితో అంటోంది. "మనిషి వణికితె మగ్గంల కూసుంటె ఎచ్చగైతడు. అది వణికితె ఊరంత ఆగిపోతది."

నా భార్య తలుపు చాటున నిలబడి నవ్వు ఆపుకోలేక చచ్చింది. నేను తిండి మానేసి కూర్చున్నాను. అప్పుడు వచ్చి నా పక్కన కూర్చుని, "మా అమ్మ గంతే. నువ్వు ఇంజనువైతె నీకే పోస్తుండె" అంది. ఆ మాటకు నాకు నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. ఆమె ఎప్పుడూ అంతే, తల్లి నన్ను పొడిచిన చోట చెయ్యి పెట్టి రుద్దేది. ఆమె ఉన్నన్నాళ్ళు ఆ పోట్లు పెద్దగా తెలియలేదు.

ఇంకొకసారి చీరల మూట ఒళ్ళో పెట్టుకుని బస్సులో కూర్చున్నాను. ఇంజను అందుకోలేదు. మగవాళ్ళంతా దిగి తోయాలి. మంచి ధోవతి కట్టుకున్నానని నేను దిగలేదు. మా అత్త కొంగు చాటు నుంచే డ్రైవరుతో, "కొడుకా, లోపల ఇంకొక మంచి బలమున్నాయన కూసున్నడు" అంది. అందరూ నన్ను చూశారు. దిగి తోశాను. పొగ నా ధోవతి మీదే కొట్టింది. ఆ మసి ఎన్ని ఉతుకులకూ పోలేదు. డ్రైవరు నాకు సలాం పెట్టాడు. ఆ సలాం కూడా నాకు నచ్చలేదు.

ఇవన్నీ చిన్న సంగతులు. చిన్నవని నాకు తెలుసు. పెద్దదాని పక్కన పెట్టి చూస్తే ఇవి చిన్నవయ్యాయి గానీ, జరిగిన రోజున ఏదీ చిన్నది కాదు.

నా భార్యకు పురుడు తల్లి దగ్గరే వచ్చింది. ఆడపిల్ల. పురుడు సుఖంగానే జరిగింది. మా అత్త ఆ చలికాలమంతా రెండు పొయ్యిలు ఆర్పలేదు. ఒక పొయ్యి బాలింతకు, ఒక పొయ్యి బస్సుకు. ఒకరోజు సాయంత్రం నా భార్యకు చలిజ్వరం వచ్చింది. మంత్రసాని వచ్చి కషాయం పోసింది. మరునాడు జ్వరం దిగకపోగా మాట తడబడటం మొదలైంది. ఇది తన చేతిలో పని కాదని, భువనగిరి దవాఖానకు తీసుకుపొమ్మని మంత్రసాని చెప్పింది. అప్పటికి బస్సు వెళ్ళిపోయింది. అది మళ్ళీ సాయంత్రం వచ్చి, తెల్లవారితే గానీ కదలదు. బండి కడదామంటే ఎడ్ల బండి భువనగిరి చేరేలోపు బస్సే ముందు చేరుతుందని అందరూ అన్నారు. ఆగాము.

తెల్లవారింది. అలాంటి చలి ఆ ఏడు మళ్ళీ లేదు. గొంగడి మీద మంచు తెల్లగా పేరుకుంది. నా భార్యను మంచంతో సహా వాకిట్లోకి తెచ్చాము. ఆమెకు ఆ పొద్దున కొంచెం తెలివి వచ్చింది. మా అత్త పొయ్యి మీద నుంచి కుండ దించి, పలుచగా తేర్చిన గంజి ఉప్పేసి తాగించింది. సగం గిన్నె తాగింది. మా అత్త కదలికలో ఆశ కనిపించింది. తర్వాత ఆమె కాగు దగ్గరికి వెళ్ళడం, బొక్కెనలతో రావడం, మూత తిప్పి పోయడం నేను చూశాను. రోజూ చేసే పనే గనుక ఎవరూ పట్టించుకోలేదు. డ్రైవరు లోపల సీట్లు జరిపి మంచం పట్టేలా చోటు చేస్తున్నాడు. ఆమె బానెట్టు మీద చెయ్యి పెట్టింది. ఇంజను అందుకుంది. ఆ రోజు ఆమె చెయ్యి చాలాసేపు ఉంచింది. నేను అరిచాను. మొదటిసారి ఆమె మీద నేరుగా అరిచాను. ఆమె చెయ్యి తీసి, పసిపిల్లను ఎత్తుకుని బస్సెక్కింది. అన్నేళ్ళలో ఆమె ఆ బస్సెక్కడం అదే మొదలు.

తిరుమలగిరి దాటి చాలా దూరం పోయాక, భువనగిరి దగ్గర పడుతుండగా ఎక్కుడు దారి వస్తుంది. రెండువైపులా బండరాళ్ళు, తుమ్మచెట్లు, ఊరనేది లేదు. అక్కడ ఇంజను ముక్కులో నుంచి ఆవిరి మొదలైంది. డ్రైవరు బస్సు ఆపి, గుడ్డ పట్టుకుని మూత తిప్పాడు. తెల్లటి నురుగు పాలు పొంగినట్టు పొంగి, బానెట్టు మీద నుంచి కారి నేల మీద పడింది. వాసన వచ్చింది. బస్సులో సగం మంది సాలెవాళ్ళమే. ఆ వాసన ఏమిటో మాకు ఒకరు చెప్పనక్కరలేదు. పుట్టినప్పటి నుంచి ప్రతి పొద్దునా పీల్చిన వాసన.

డ్రైవరు వేలితో ఆ నురుగు తీసి చూశాడు. అది వేళ్ళకు అంటుకుని సాగింది. అతను కిటికీ దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు. "అమ్మా, ఇయ్యాల ఏం నీళ్ళు పోసినవ్?"

మా అత్త బిడ్డ తలను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "బిడ్డకు తాపంగ మిగిలిన గంజి, నీళ్ళల్ల కలిపి పోసిన," అంది. "దూరం పోవాలె గదా. దానిక్కూడ బలముండాలెనని."

గంజి పెట్టని నూలు మగ్గమెక్కితే పుటుక్కున తెగుతుంది. గంజి పెడితే అదే పోగు ఎంత లాగినా నిలబడుతుంది. జ్వరం పడి లేచినవాడికి మొదట గంజే పోస్తాము. మా వాడలో బలమంటే గంజే. ఆ మాట ఆమె నోట్లో నుంచి వచ్చినప్పుడు బస్సులో ఉన్న మా వాళ్ళెవరికీ అది పిచ్చిపనిగా అనిపించలేదని, మాకూ ఆ ఆలోచన వచ్చేదేనని, వాళ్ళ ముఖాలు చూస్తే తెలిసింది. దానికి నాకు ఇంకా కోపం వచ్చింది.

అప్పుడు నా భార్య కళ్ళు తెరిచింది. అంతా విన్నదేమో. పెదవులు తడుపుకుని, తల్లి ముఖంలోకి చూస్తూ, "ఉప్పేసినవా అమ్మా దానికి?" అంది.

"ఏసిన బిడ్డా," అంది మా అత్త.

నా భార్య నవ్వింది. అది నవ్వేనని నేను ఎక్కడైనా ప్రమాణం చేస్తాను. తర్వాత కళ్ళు మూసుకుంది. తెలివిగా ఆమె అన్న మాటల్లో అదే చివరిది. అది నాతో అన్నది కాదు.

డ్రైవరూ ఇంకో ఇద్దరూ బొక్కెనలు పట్టుకుని వాగు వెతుక్కుంటూ వెళ్ళారు. నీళ్ళు తెచ్చి కడిగారు. ఇంజను చల్లారాలి, చల్లారితే లోపలి గంజి ఇంకా గట్టిపడుతోంది. కడుగుతారు, ఆగుతారు, మళ్ళీ కడుగుతారు. ఎండ ఎక్కింది. నేను రోడ్డు మీద అటూ ఇటూ తిరుగుతున్నాను. మా అత్త పిల్లను ఇంకొకామె చేతికిచ్చి దిగి వచ్చి నా ముందు నిలబడింది. కొంగు భుజం మీదికి జారి ఉంది. సర్దుకోలేదు. అంతకుముందు ఆమె ముఖం నేను సరిగా చూసి ఎరగను. నా భార్య ముఖమే అది, ఎండలో ఎండినట్టుంది.

"అయ్యా, నేనే పోసిన," అంది. "నన్ను తిట్టు."

అదే ఆమె నాతో అన్న మొదటి మాట. గోడకూ కుండకూ బస్సుకూ కాకుండా నాకు చెప్పిన మాట. నేను తిట్టలేదు. ముఖం తిప్పుకుని బస్సెక్కి నా భార్య కాళ్ళ దగ్గర కూర్చున్నాను.

దగ్గరి గూడెం నుంచి ఒక బండి దొరికింది. మంచం దాని మీదికి మార్చాము. భువనగిరి కోట బండ కనిపించేసరికి పొద్దు వాలింది. దవాఖానలో డాక్టరు చెయ్యవలసింది చేశాడు. నా భార్య మరునాటి పొద్దు చూడలేదు. పొద్దున్నే తెచ్చి ఉంటే బతికేదా అని డాక్టరును అడిగాను. చెప్పలేనన్నాడు. బతికేదని గానీ బతికేది కాదని గానీ ఒక్క మాట చెప్పమని మళ్ళీ అడిగాను. రెండూ చెప్పలేనన్నాడు. ఆ డాక్టరును కూడా నేను మరచిపోలేదు.

తర్వాత నేను చేయవలసింది ఒకటే ఉందనుకున్నాను. ఇంజనులో ఏం పోస్తున్నారో చూసుకోని డ్రైవరు మీద అర్జీ పెట్టాలి, అతని ఉద్యోగం పోవాలి. బస్సు యజమాని చెడిపోయిన ఇంజను సంగతి తేల్చడానికి మా ఊరు వచ్చాడు. బయలులో కుర్చీ వేసుకుని డ్రైవరును నిలబెట్టి అడుగుతున్నాడు. డ్రైవరు తల వంచుకుని, నీళ్ళు తానే పోశానని చెబుతున్నాడు. నేను నా మాట చెప్పడానికి ముందుకు వెళ్ళబోయాను. నాకంటే ముందు మా అత్త వెళ్ళింది. గంజి పోసింది తానేనని, సాయెబుకు తెలియదని చెప్పింది. యజమాని తెల్లబోయి ఎందుకు పోశావన్నాడు. "బలానికి," అంది. ఆ ఒక్క మాటే. యజమాని నవ్వబోయి, బిడ్డ పోయిన సంగతి ఎవరో చెవిలో చెబితే ముఖం కడుక్కున్నట్టు నవ్వు తీసేసి, కుర్చీలో నుంచి లేచాడు. డ్రైవరు ఉద్యోగం నిలిచింది.

ఆ రోజు నుంచి మా అత్త ఎవరడిగినా అదే చెప్పింది. బిడ్డ ఎట్ల పోయిందని బావి దగ్గర పరాయి ఊరామె అడిగినా, "గంజి పోసి ఇంజనును ఆపిన, అందుకే పోయింది" అనేది. ఏడుస్తూ కాదు, దారి అడిగినవాడికి దారి చెప్పినట్టు. ఆమె దాచి ఉంటే నేను బయటపెట్టేవాడిని. కాదని ఉంటే అవునని నిలదీసేవాడిని. ఆమె నాకు ఆ పని కూడా మిగల్చలేదు.

తరువాతి చలికాలం డ్రైవరు మళ్ళీ ఖాళీ బొక్కెనతో ఆమె వాకిట్లో నిలబడ్డాడు. తన చేతి నీళ్ళు వద్దని, ఇంకో ఇల్లు చూసుకొమ్మని ఆమె చెప్పింది. అతను వెళ్ళలేదు. బొక్కెన బోర్లించి దాని మీద కూర్చున్నాడు. బస్సులో జనం అరుస్తున్నారు. చివరికి ఆమె పొయ్యి రాజేసింది. నీళ్ళు కాగాక బొక్కెన తెచ్చి, అందరూ చూస్తుండగా దోసిట్లోకి కొంచెం తీసుకుని ఊది ఊది తాగింది. తర్వాతే ఇంజనులో పోసింది. అప్పటి నుంచి ప్రతి పొద్దునా అంతే. ముందు తాను ఒక గుక్క తాగి, అవి నీళ్ళేనని నాలుకతో చూసుకుని, అప్పుడు పోసేది. కొత్తవాళ్ళు అదేదో మొక్కు అనుకునేవారు. బానెట్టు మీద చెయ్యి మాత్రం మళ్ళీ పెట్టలేదు. నీళ్ళు పోసి లోపలికి వెళ్ళిపోయేది. ఎప్పుడు కదలాలో డ్రైవరే చూసుకునేవాడు.

నా బిడ్డను ఆమే పెంచింది. నేను మా అన్న ఇంట్లో ఉండేవాడిని, పిల్లను చూడటానికి రోజూ వెళ్ళేవాడిని. అరుగు మీద కూర్చునేవాడిని. ఆమె చెంబుతో నీళ్ళు పెట్టి లోపలికి వెళ్ళేది. నేను తాగేవాడిని కాదు. మాట లేదు. పిల్ల పెరిగి మాటలు నేర్చి, ఇద్దరి మధ్య తిరిగి, అవ్వ గిట్లన్నది నాయిన గట్లన్నడు అని చేరవేసేది. అలా ఏళ్ళు గడిచాయి. యుద్ధం వచ్చింది, పోయింది. ఆ తర్వాతి గడబిడలో రోడ్లు తవ్వేసి బస్సు రావడమే మానింది. ఆ బయలులో పొద్దున పూట మా పడుగులు తప్ప ఏమీ లేకుండా పోయింది. అయినా చలికాలంలో ఆమె ఆ వేళకే లేచి గడపలో కూర్చునేది.

ఆమెకు దగ్గు పట్టుకుంది. దవాఖానకు పోయే దారి లేదు, ఉన్నా ఆమె వచ్చేది కాదు. ఒక మధ్యాహ్నం పిల్ల పరుగెత్తుకొచ్చి, అవ్వ నన్ను రమ్మంటోందని చెప్పింది. వెళ్ళాను. చాప మీద గోడకు ఆనుకుని కూర్చుంది. పిల్లను పక్కింటికి పొమ్మంది. కొంగు సర్దుకోలేదు. నన్ను సూటిగా చూసింది.

"అయ్యా," అంది. "గా దినం రోడ్డు మీద నిన్ను తిట్టుమంటె తిట్టలె. గిన్నేండ్లు ఏమనలె. ఇప్పుడన్న ఒక్కసారి తిట్టు. నీ నోట్ల నుంచి ఇనిపోత."

నాలో మాటలు లేకపోలేదు. అన్నేళ్ళు పేర్చుకున్న మాటలవి. ఒక్కొక్కటి అరగదీసి పదునుపెట్టి ఉంచుకున్నవి. నోటి దాకా వచ్చాయి. కానీ ఆమె ముఖం చూస్తే తెలిసింది, నేను ఆ మాట అనగానే ఆమెకు తీరిపోతుంది. నాకూ తీరిపోతుంది. ఆ రోడ్డు, ఆ ఎండ, ఆ నవ్వు, అన్నీ అక్కడితో అయిపోతాయి. నా భార్య పోయిన సంగతి నాతో పాటు రోజూ మోస్తున్న మనిషి ఆ ఊళ్ళో ఈమె ఒక్కతే. దించుకో అని నేనెలా అంటాను? క్షమించానని మా వాళ్ళు అనుకున్నారు. అది తప్పు. నేను క్షమించలేదు.

నేను చాప అంచు మీద కూర్చున్నాను. ఆమెతో మాట్లాడటానికి నేను కూర్చోవడం అదే మొదలు. "అది చిన్నప్పుడు ఎట్లుండేది?" అని అడిగాను.

మా అత్త అర్థం కానట్టు చూసింది. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది. ఆగి ఆగి, దగ్గుతూ చెప్పింది. నా భార్యకు మాటలు ఆలస్యంగా వచ్చాయట. వచ్చాక ఆగలేదట. చింతకాయ కోసం చెట్టెక్కి దిగలేక చీకటి పడేదాకా పాటలు పాడుతూ కూర్చుందట. నేను పెళ్ళిచూపులకు వెళ్ళి వచ్చాక, ఆ పిలగాడు ఎప్పుడన్నా నవ్వుతాడా అని అడిగిందట. ఇవేవీ నాకు తెలియదు. ఆమెతో నేనున్నది కొద్దికాలం. అడగడానికి చాలా టైముందనుకున్నాను.

"ఒకపారి ఎర్రరంగు కాగుల చెయ్యి వెట్టింది," అంది మా అత్త. "మోచేతి దాక ఎరుపు. నేను కొడ్తనని భయపడి యాడనో దాక్కున్నది. పొద్దంత దేవులాడినం. బావులల్ల సూసినం, గడ్డివాముల్ల సూసినం. నాకు పానం పోయినట్టే అయింది. ఆకరికి యాడ దొరికిందో ఎరికేనా అయ్యా..."

అక్కడ దగ్గు తెర వచ్చింది. చాలాసేపు తగ్గలేదు. నేను నీళ్ళందించాను. తాగి, కళ్ళు మూసుకుని, చెయ్యి ఊపింది. "దమ్ము ఆడ్తలేదు. రేపు చెప్త, రా," అంది.

మరునాడు తెల్లవారగానే వెళ్ళాను. మనిషి ఉంది, మాట పోయింది. నేను పక్కన కూర్చుని, ఎక్కడ దొరికింది అత్తా అని అడిగాను. నా వైపు చూసింది. పెదవులు కదిలాయి గానీ గొంతు రాలేదు. సైగైనా చెయ్యమన్నాను. చెయ్యి లేవలేదు. పొద్దెక్కేసరికి పోయింది.

ఆ తర్వాత సాలెవాడలో ముసలివాళ్ళందరినీ అడిగాను. పిల్ల తప్పిపోయిందని, వెతికామని కొందరికి గుర్తుంది. చెయ్యి ఎర్రగా ఉండటం ఒకామెకు గుర్తుంది. దొరికిన చోటు ఎవరికీ గుర్తులేదు. డ్రైవరు కనిపిస్తే అతన్ని కూడా అడిగాను, ఆమె చిన్నప్పుడు మా ఊరికి బస్సే లేదన్నాడు. నాకు ఆమె చేసినవన్నీ గుర్తున్నాయి, ఏదీ వదులుకోను. కానీ ఇంత చెప్పి, నా భార్య ఎక్కడ దొరికిందో చెప్పకుండా పోయింది చూడండి, దీనికి నేను ఎవరితో పోట్లాడాలి?